62 జీబీల అనంతం

కర్నూలు కొండారెడ్డి బురుజు కాడినుంచి కడప ఏడురోడ్ల దాకా ఏ రీఛార్జ్ అంగడి ముందు నిలబడినా ఒకటే మాట: అన్‌లిమిటెడ్. రాయలసీమలో కొరత లేకుండా దొరికేది ఎండ ఒక్కటేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా కూడా ఆ జాబితాలో చేరింది. వాన మొహం చాటేసినా, బోరు ఎండినా డేటాకు మాత్రం హద్దు లేదట. సంతోషం. కానీ మనం చేనికి తడి పెట్టాలన్నా గంటలు లెక్కబెట్టుకునే వాళ్లం. కొలవందే ఏదీ నమ్మలేం.

రోజుకు ఒకటిన్నర జీబీ ప్లానునే తీసుకోండి. 2024 జులైలో రేట్లు పెంచాక జియోలో దాని ధర 299 రూపాయలైంది, గడువు 28 రోజులు. ఆ ఒకటిన్నర అయిపోగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆగిపోలేదు కదా, అందుకే అన్‌లిమిటెడ్ అంటారు. 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు. రోజుకు 86,400 సెకన్లు. తిండీ నిద్రా మానేసి, ఫోను కింద పెట్టకుండా రోజంతా లాగినా 0.7 జీబీ రాదు. అంటే వేగంగా వచ్చేది 28 రోజులకు 42 జీబీలు, నత్తనడకన వచ్చేది మహా అయితే 20. మొత్తం 62 లోపే. అనంతానికి కొలత కట్టిన ఘనత గణిత మేధావులది కాదు, మన టెలికాం కంపెనీలది!

ఆ 64లో ఏం జరుగుతుందో చూడండి. భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్ తీద్దామని కూర్చున్న పత్తికొండ రైతు ముందు చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఐదు ఎంబీల ఫైలు దిగడానికి పది నిమిషాలు దాటుతుంది. ఆలోగా సైటుకే విసుగొచ్చి మొదటికి తెస్తుంది. అంగట్లో అడిగితే, "డైలీ డేటా అయిపోయిందన్నా, బూస్టర్ వేసుకో" అంటాడు పిల్లోడు. అంతులేనిదానికి అదనపు ప్యాకెట్టు అమ్మే వ్యాపారం భూమ్మీద ఇదొక్కటే కాబోలు. పోనీ, నిన్న చేనుపని ఒత్తిడిలో వాడకుండా మిగిలిన జీబీ ఏమైంది? అర్ధరాత్రితో అదీ పోయింది. వాడితే కోత, వాడకపోతే రద్దు.

"5జీలో నిజంగానే హద్దు లేదు" అంటారు. 2024 పెంపు తర్వాత జియో, ఎయిర్‌టెల్ ఆ భాగ్యాన్ని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే ఇచ్చాయి. 5జీ ఫోనుండాలి, ఊళ్లో 5జీ సిగ్నలుండాలి. ఈ మూడూ కలిసొస్తేనే అనంతం.

కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద బతికేవాళ్లకు ఈ మాయ కొత్త కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఆ కాలువకు కాగితం మీద 39.9 టీఎంసీల కేటాయింపు ఉంది. సుంకేసులలో మొదలైన నీళ్లు మైదుకూరు, చాపాడు చివరి ఆయకట్టుకు ఎన్నిసార్లు చేరకుండా పోయాయో అక్కడి రైతులు చెబుతారు. తేడా ఒక్కటే. కాలువకు అంకె ఉంది. దాన్ని చూపించి రైతు రోడ్డెక్కగలడు, కలెక్టర్ని నిలదీయగలడు. డేటాకు ఆ అంకెనే మాయం చేశారు. కొట్లాడాలంటే దేన్ని పట్టుకుని కొట్లాడాలి?

సర్కారు కళ్లు మూసుకుందా అంటే అదీ లేదు. కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అని 2023 జనవరిలో నిర్వచించింది. మన 64 అందులో 31వ వంతు కూడా కాదు. తీగ కనెక్షన్లలో కోటా అయిపోయినా వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గరాదని 2016లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ఆ తీగ రాని పల్లెలో ఫోనే దిక్కు. ఆ ఫోనుకు మాత్రం అలాంటి రక్ష లేదు.

అమెరికాలో అన్‌లిమిటెడ్ అని అమ్మి, వేగం కోసినందుకు ఏటీ అండ్ టీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు పెట్టింది. 35 లక్షల మందికి పైగా ఖాతాదారులకు కోత పడిందని వాదించింది. 2019లో ఆ కంపెనీ 6 కోట్ల డాలర్లు కట్టి రాజీకొచ్చింది.

మనం అంత దూరం పోనక్కర్లేదు. ట్రాయ్ ఒక్క పని చేస్తే చాలు: "28 రోజులకు 42 జీబీలు వేగంగా, మరో 20 జీబీలు నత్తనడకన" అని బోర్డు మీదే పెద్దక్షరాల్లో రాయించాలి. అది రాసే ధైర్యం లేని కంపెనీకి అన్‌లిమిటెడ్ అని అమ్మే హక్కు లేదు.