పాప పుట్టింది, ఫ్లాట్ అమ్మబడును

నగరంలో ఇప్పుడు బిడ్డ పుట్టగానే ముందు చూసేది జాతకం కాదు, ఫ్లోర్ ప్లాన్. ఆస్పత్రిలో డిశ్చార్జి కాగితం ఇంకా చేతికి రాదు, చూడ్డానికొచ్చిన బంధువు యాపిల్ పళ్ల సంచీ మంచం మీద పెట్టి అడిగేస్తాడు: “మరి టూ బీహెచ్‌కేలో ఎలా సర్దుకుంటారర్రా?” అడిగిన పెద్దమనిషి వసారాలో పుట్టి, ఆరుగురు అన్నదమ్ముల మధ్య ఒకే బొంత కింద పెరిగినవాడే. అయినా అడుగుతాడు. పాప బరువు 3 కిలోలు, పొడుగు రెండడుగులకు తక్కువ. ఆ మనిషికి నిజాంపేటలో 1,100 చదరపు అడుగులు చాలవట. తెల్లాపూర్‌లో 20వ అంతస్తులో 1,700 అడుగులు కావాలట. పాపనెవరూ అడగలేదు. అడిగినా పాలు తప్ప ఇంకోటి కోరేది కాదు.

సరే, కొత్తది కొనాలంటే పాతది అమ్మాలి. అంతవరకే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. పాతది అమ్మాలంటే ముందు దాన్ని కొత్తదాన్ని చెయ్యాలట! “అయిదు లక్షలు పెట్టండి సార్, పది వస్తుంది” అంటాడు బ్రోకరు. ఇంటీరియర్స్ కుర్రాడు అదే మాట ఇంకాస్త ఇంగ్లీషు కలిపి చెబుతాడు. అయిదు పెట్టేవాడెవరో అందరికీ తెలుసు. పది తెచ్చేవాడు మాత్రం ఎప్పుడూ “వచ్చే ఆదివారం వస్తానన్నారు సార్” దగ్గరే ఉంటాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కనీసం రెంటి మధ్యా ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చారు. ఇప్పటి దంపతులు బిడ్డను కనడం, ఇల్లు బాగుచేయించడం, దాన్ని అమ్మడం, ఇంకోటి కొనడం అన్నీ ఒకే పంచాంగంలో ఇరికిస్తున్నారు. అదే పంచాంగంలో ఆషాఢమూ మూఢమూ కూడా ఉన్నాయన్న సంగతి, కొనడానికొచ్చిన వాళ్ల నాయనమ్మ చెప్పేదాకా గుర్తు రాదు.

దీనికి మన ఆచారం కూడా ఓ చెయ్యి వేసింది. తొలి కాన్పు పుట్టింట్లో. బాలింత మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డనెత్తుకుని తిరిగొస్తుంది. అంతవరకు హైదరాబాద్ ఫ్లాట్‌లో మొగుడొక్కడే. శుక్రవారం రాత్రి తెనాలికో ఖమ్మానికో బస్సెక్కి పాపను చూసి రావాల్సినవాడి చెవిలో ఆఫీసు మిత్రుడు ఊదుతాడు: “ఇదే టైము బ్రో. వాళ్లొచ్చేలోపు పనైపోతుంది. 45 రోజులంతే.” ఈ 45 రోజుల లెక్క ఎవరు కనిపెట్టారో గానీ కొటేషన్లన్నీ దాన్నే జపిస్తాయి. పదో రోజుకి పాత కప్‌బోర్డులు పీకేస్తారు. ఇక వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఇరవయ్యో రోజుకి ప్లైవుడ్ దిగుతుంది, మీరు చెప్పిన రకం మాత్రం కాదు. ముప్పయ్యో రోజుకి అసోసియేషన్ సెక్రటరీ వచ్చి, మధ్యాహ్నం పూట డ్రిల్లింగ్ ఆపాలని, కింది ఫ్లోర్ పెద్దాయనకి ఒంట్లో బాగాలేదని చెప్పిపోతాడు. నలభయ్యో రోజుకి కార్పెంటర్ హోలీకి ఊరెళతాడు. హోలీ ఒకటి రెండు రోజుల పండగని మనమనుకుంటాం. రాజస్థాన్ రైలెక్కినవాడికి అది మూడు వారాలు. ఈలోగా అయిదో నెల వస్తుంది, పాప వస్తుంది, పాపతోపాటు అమ్మమ్మా వస్తుంది.

అమ్మమ్మ హాలు మధ్యలో నిలబడి పైకి చూస్తుంది. “కొక్కెం ఏదండీ బాబూ? ఉయ్యాల ఎక్కడ కడతాం?”

ఆ ప్రశ్నకి అల్లుడి దగ్గర జవాబు లేదు. ఆ అపార్ట్‌మెంట్ కట్టిన మేస్త్రీ ఎవరో పుణ్యాత్ముడు, శ్లాబు వేసేటప్పుడే హాల్లో ఒక ఇనుప కొక్కెం వదిలాడు. పదిహేనేళ్లుగా అది అక్కడ ఊరికే వేలాడుతూ ఈ ఒక్క పాప కోసం కాచుక్కూర్చుంది. తీరా పాప పుట్టిన నెలలోనే దాని మీదికి ఫాల్స్ సీలింగ్ ఎక్కింది. ఇప్పుడు అక్కడ చుట్టూ వెలుగు చిమ్మే ఎల్‌ఈడీ పట్టీ ఉంది, మధ్యలో పువ్వు డిజైన్ ఉంది. జిప్సం బోర్డు తన బరువు తాను మోసుకుంటే అదే పదివేలు; ఆరు కిలోల పాపనీ, పాత చీరనీ, అమ్మమ్మ ఊపునీ అది మోయలేదు. ఆ విధంగా, పాప కోసమని మొదలుపెట్టిన హంగామాలో పాపకి మొట్టమొదట పోయింది ఉయ్యాల. ఆన్‌లైన్లో స్టాండు ఉయ్యాల తెప్పించారు. అది హాలు సగం ఆక్రమించింది. సోఫా బెడ్రూములోకి జరిగింది, బెడ్రూములో నడవడానికి దారి లేకుండా పోయింది. చూశారా, టూ బీహెచ్‌కే నిజంగానే ఇరుకు! బంధువు చెప్పిందే నిజమైంది.

వెటకారం కాసేపు పక్కన పెట్టి ఒక సంగతి చెప్పాలి. పాత తలుపులకీ గ్రిల్స్‌కీ వేసిన ఎనామెల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో అది 90 పీపీఎం మించకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు కట్టిన ఫ్లాట్‌లో పెయింటర్ ఉప్పుకాగితం పెట్టి తలుపు రుద్దుతుంటే లేచే పొడిలో ఏముందో ఎవరూ పరీక్ష చేయించరు. ఏడెనిమిది నెలల పిల్ల నేల మీద పాకుతుంది, అరచేతికి అంటిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అనే స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఇక పాలిష్ ఘాటుకి కళ్లు మండుతున్నాయంటే “రెండ్రోజులు కిటికీలు తీసిపెట్టండి మేడమ్, పోతుంది” అంటారు. కిటికీలు తీస్తే ఏమొస్తాయో నిజాంపేట సాయంత్రాలు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

పైగా ఈ పనులన్నిటికీ సూపర్‌వైజర్ ఎవరు? 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజులుంది. ప్రైవేటు కంపెనీలో తండ్రికి చట్టప్రకారం ఒక్కరోజూ లేదు. కాబట్టి ఆయన ఆఫీసులో, ఆవిడ ఇంట్లో. ఒక భుజాన పాపను వేసుకుని త్రేన్పు కోసం వీపు తడుతూ, రెండో చేత్తో లామినేట్ శాంపిళ్ల పుస్తకం తిప్పుతూ, “టీకు, వాల్‌నట్టు రెంట్లో ఏది బాగుంటుంది మేడమ్” అన్నవాడికి బదులు చెబుతూ ఉంటుంది. ఆ 26 వారాలు ఇచ్చింది మైకా షేడు తేల్చుకోవడానికనుకున్నట్టున్నారు ఇంట్లోవాళ్లు. అదీ ఎవరి అభిరుచి కోసం? ఇంకా పేరు కూడా తెలియని కొనుగోలుదారు కోసం.

ఆ కొనుగోలుదారుని మన బ్రోకర్లు ‘పార్టీ’ అంటారు. ఆదివారం పొద్దున ఫోన్ వస్తుంది. “మేడమ్, పన్నెండింటికి పార్టీ వస్తున్నారు, యూఎస్ నుంచి వచ్చారు, ఆ బాల్కనీలో గుడ్డలు కాస్త తీసేయండి.” అప్పటినుంచి ఇంట్లో పసిబిడ్డ ఆనవాళ్లు చెరిపేసే కార్యక్రమం. తీగ మీది లంగోటాలు వాషింగ్ మెషీన్లోకి, గిలక్కాయలు సోఫా కిందికి, పాల సీసాలు ఫ్రిజ్ వెనక్కి. ఆముదం, వాము, సాంబ్రాణి కలిసిన ఆ వాసన మీద ఏదో లావెండర్ స్ప్రే కొడతారు. పాప వరసగా నాలుగు తుమ్ములు తుమ్ముతుంది. చివరికి పాపనే పక్క ఫ్లాట్‌కి పంపించేస్తారు. ఏ బిడ్డ కోసం ఇల్లు మారుతున్నారో ఆ బిడ్డ ఈ ఇంట్లో లేనట్టు నటిస్తేనే ఇల్లు మారగలరట.

ఇదైనా నికరమైన సిద్ధాంతమా అంటే కాదు. మూడింటికి ఇంకో పార్టీ, కరీంనగర్ నుంచి, పెద్దవాళ్లతో సహా. “వీళ్లు సంప్రదాయం మనుషులు, పాపను తీసుకురండి” అని బ్రోకరే పరుగెత్తుతాడు. నిద్ర లేపి, కాటుక దిద్ది, పట్టు లంగా తొడిగి పాపను హాల్లో ప్రవేశపెడతారు. “ఈ ఫ్లాట్‌లోకి వచ్చాకే సార్‌కి ప్రమోషన్, పెళ్లి, పాప. మహాలక్ష్మి పుట్టిన ఇల్లు, బాగా కలిసొచ్చింది” అని అందుకుంటాడు. ఆ పార్టీలోని పెద్దావిడ పాప బుగ్గ పుణికి, ఇల్లంతా ఒకసారి తేరిపార చూసి అడుగుతుంది: “గంత కలిసొచ్చిన ఇల్లయితే ఎందుకమ్ముకుంటున్రు బిడ్డా?”

ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. వాళ్లు లిఫ్ట్ ఎక్కగానే అమ్మమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసి పొయ్యిలో వేస్తుంది. నాలుగింటికి రావాల్సిన పార్టీ ఆ ఘాటుకి గుమ్మంలోనే దగ్గుకుంటూ వెనక్కి తిరుగుతుంది.

ఇంతకీ అయిదుకి పది వచ్చిందా? పార్టీ వేసుకునే లెక్క వేరు. ఏరియాలో అడుగు రేటెంత, బిల్డింగ్ వయసెంత, యూడీఎస్ (స్థలంలో వాటా) ఎన్ని గజాలు, మంజీరా నీళ్లున్నాయా, లింకు డాక్యుమెంట్లు సరిగా ఉన్నాయా, ఈసీలో ఏముంది. ఫాల్స్ సీలింగ్‌ని చూసి మెచ్చుకుంటాడు. మెచ్చుకోలు ఉచితం. “బాగుందండీ, కానీ మేం మా టేస్టుకి చేయించుకుంటాం” అని, పీకించే ఖర్చు కూడా రేటులో తగ్గించమంటాడు. పోనీ పన్నులోనైనా కలిసొస్తుందా? అమ్మిన లాభం లెక్కలో ఇంటిని మెరుగుపరిచిన ఖర్చు తీసేసుకోవచ్చు గానీ, మామూలు రంగులూ రిపేర్లూ అందులోకి రావు. వచ్చేవాటికి బిల్లు చూపించాలి. బిల్లు అడిగితే “18 శాతం జీఎస్టీ పడుద్ది సార్, వద్దనే కదా అప్పుడనుకున్నాం” అంటాడు కాంట్రాక్టరు. నిజమే, అనుకున్నారు.

అవతల కొత్త ఫ్లాట్ సంగతి. 1.4 కోట్లదనుకోండి. కట్టడంలో ఉంటే జీఎస్టీ 5 శాతం, అంటే 7 లక్షలు. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 10.5 లక్షలు. మొత్తం 17.5 లక్షలు, ఒక్క ఇటుక కూడా అందులో లేకుండా. ఇదంతా పాపకో గది కోసం! ఆ గది చేతికొచ్చేసరికి పాప ఎల్‌కేజీ యూనిఫాంలో గృహప్రవేశం చేస్తుంది. గోడకి మేఘాలు, సీలింగ్‌కి చీకట్లో మెరిసే నక్షత్రాలు అంటిస్తారు. రాత్రి పదయ్యేసరికి అది దిండు చంకన పెట్టుకుని వచ్చి అమ్మ పక్కనే పడుకుంటుంది. నక్షత్రాల కింద తాతయ్య గురకపెడతాడు.

ఇల్లు మారక తప్పనివాళ్లున్నారు, కాదనను. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు, మోకాళ్లు అరిగిన అమ్మానాన్నలు, ఉద్యోగం బెంగళూరుకి మారడం. వీటికి వాదన లేదు. అలాంటివాళ్లు కారుతున్న కుళాయి బాగుచేయించి, చెమ్మకి కారణం చూసి, పాపా తల్లీ పుట్టింట్లో ఉండగానే సున్నమేదో వేయించి, కాగితాలు సర్దుకుంటే చాలు. హోమ్ లోన్ తీరిపోయాక బ్యాంకు ఒరిజినల్ పత్రాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఇది. దీని సంగతి తెలిసినవాళ్లకంటే ‘వార్మ్ వైట్’కీ ‘కూల్ వైట్’కీ తేడా తెలిసినవాళ్లే మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. మారాల్సిన అవసరం లేని మిగతావాళ్లు పాపకి రెండేళ్లు వచ్చేదాకా బంధువుల ఫోన్లు ఎత్తకపోతే సరిపోతుంది.

కొనడానికి వెళ్లేవాళ్లకీ ఒక మాట. పసిబిడ్డ ఉన్న ఇంటి గురించి ఆ తల్లికి తెలిసినంత వాల్యుయర్‌కీ తెలియదు, వాస్తు సిద్ధాంతికీ తెలియదు. నీళ్లు ఎన్నింటికి ఆగిపోతాయో, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపటికి వస్తుందో, ఏ గోడ రాత్రిళ్లు చెమర్చుతుందో, పై ఫ్లోర్‌వాళ్లు ఎన్నింటికి మంచాలు ఈడుస్తారో ఆమె ఉన్నదున్నట్టు చెబుతుంది. బ్రోకరుని ఓ పది నిమిషాలు టీకి కిందికి పంపి, ఆమెను అడగండి.