బృహత్పాదీయానికి జీడితోట వ్యాఖ్య

మూలం: “బిగ్‌ఫుట్‌లు గుంపుగా బతుకుతాయట బావా. పెద్ద మగది ముందు నడుస్తుంది. ఆడవి పిల్లలతో మధ్యలో. కుర్ర మగవి వెనక కాపలా.”

అవతారిక: ఈ సూత్రానికి కర్త మా బావమరిది, సియాటిల్ వాస్తవ్యుడు. స్థలం వజ్రపుకొత్తూరు మండలంలో మా ఇంటి అరుగు. కాలం జీడిపిక్కలు ఏరే రోజులు, సాయంత్రం, కరెంటు పోయిన వేళ. శ్రోతలం నేనూ, మా పెద్దమ్మా. ప్రయోజనం: కర్తకు కీర్తి, శ్రోతలకు దోమకాట్లు.

కొలచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకుని కలం పట్టాడు. మేం మొదటిదానికి కట్టుబడతాం. రెండోది మా వల్ల కాదు.

ప్రతిపదార్థం: గుంపు, మగది, ఆడవి, పిల్లలు తేలిక మాటలు, విడిచిపెడుతున్నాం.

ఫుట్ అనగా పాదం. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనివాళ్లకు మట్టిలో పెద్ద పెద్ద అడుగులు కనిపించాయి. హంబోల్ట్ టైమ్స్ పత్రిక ఆ అడుగుల జంతువు పేరు ‘బిగ్‌ఫుట్’ అని అచ్చువేసింది. ఆ పని చేయించిన కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో పోయాక, ఇంటివాళ్లు చెక్కపాదాల జత ఒకటి బయటికి తీసి, ఆ అడుగులు ఈయనవేనన్నారు. అయినా అప్పటికే సమస్యాపూరణం అయిపోయింది. అవధానంలో పృచ్ఛకుడు ఒక్క పాదం ఇస్తే అవధాని మిగతా మూడూ పూరిస్తాడు కదా. ఇక్కడా ఇచ్చింది పాదమే. పూరించినవి ఒళ్లు, పెళ్లాం, పిల్లలు, చుట్టాలు, కుర్రాళ్లకు కాపలా డ్యూటీ. అవధానికి యతి తప్పకూడదు, ప్రాస తప్పకూడదు. ఈ అడుగును పూరించేవాళ్లకు ఆ బాధలేదు. (హిమాలయాల్లో యతి ఉందంటారు గానీ, దానికీ ప్రాస కుదరలేదు.)

‘బతుకుతాయట’ అన్నచోట ‘ట’ను పట్టుకోవాలి. సూత్రానికి ప్రాణం అక్కడుంది. తెలుగువాడు కళ్లారా చూసినదానికి ‘ట’ తగిలించడు, విన్నదానికి తగిలించకుండా ఉండడు. కోర్టులో ప్రమాణం చేయించేవాడు కూడా అడగని నిజాయితీని మన భాష ఒక్క అక్షరంతో చేయిస్తుంది. 2018 అక్టోబరులో “తిత్లీ తుఫాను వస్తుందట” అనుకుంటూ పడుకున్నాం. పదకొండో తేదీ తెల్లారేసరికి ‘ట’ ఊడిపోయింది, కొబ్బరిచెట్లూ ఊడిపోయాయి. ‘ట’ ఊడాలంటే అంత జరగాలి. మరి మూలం మళ్లీ చూడండి. ‘ట’ మొదటి వాక్యంలోనే ఉంది. రెండో వాక్యానికల్లా రాలిపోయింది. మధ్యలో ఏ తుఫానూ రాలేదు, మావాడు చాయ్ ఒక గుక్క తాగాడంతే. కనబడకపోవడాన్నే లోపం అన్నాడు పాణిని. ‘ట’కు పట్టిన లోపం అది. బిగ్‌ఫుట్‌కు ఉన్న లోపం కూడా అదొక్కటే.

విశేషం: 2017లో హిమాలయాలనుంచి తెచ్చిన ‘యతి’ ఎముకలూ వెంట్రుకలూ వగైరా తొమ్మిదింటికి డీఎన్ఏ చూశారు. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. కాబట్టి కథ ఎలుగులు తిరిగే మా ఊరికొచ్చింది. జాంబవంతుణ్ణి అందరూ ఎత్తుకుంటారు, మేం ఎత్తుకోం.

సంస్కృతంలో ‘ఋక్ష’ అంటే ఎలుగుబంటి, నక్షత్రం కూడా. ఒక మాటకు ఇంత దూరపు అర్థాలు రెండెలా వచ్చాయని అడిగితే శతపథ బ్రాహ్మణం జవాబు చెబుతుంది. సప్తర్షులను పూర్వం ఋక్షులు అనేవారట. (చూడండి, మేం ‘ట’ వదల్లేదు.) గ్రీకులూ ఆ చుక్కలనే ఎలుగు అన్నారు. వాళ్ల ‘ఆర్క్‌టోస్’, మన ‘ఋక్ష’ ఒక వేరు నుంచి వచ్చిన మాటలే. ఉత్తర ధ్రువప్రాంతాన్ని ఆర్కిటిక్ అనడం ఆ చుక్కల పుణ్యమే, అక్కడి తెల్ల ఎలుగులకు ఆ పేరులో వాటా లేదు. ఇంకా ఉంది. కృత్తికలు ఈ ఎలుగుల భార్యలట. కానీ మొగుళ్లు ఉత్తరాన పొడుస్తారు, పెళ్లాలు తూర్పున పొడుస్తారు. అందుకని కాపురం లేదు. అందుకే కృత్తికల్లో అగ్నులు నెలకొల్పవద్దని ఒక వాదం. బ్రాహ్మణకారుడు యజ్ఞం కోసం ముహూర్తం వెతుకుతూ ఎలుగుల సంసారం గుట్టు రాసిపెట్టాడు. కార్తీకమాసంలో రాత్రిపూట మా డాబా ఎక్కితే కృత్తికలు తూర్పున గుత్తిగా కనిపిస్తాయి. సప్తర్షుల కోసం నేను మెడ నొప్పెట్టేదాకా...

ఏం చెబుతున్నాం? బావమరిది. అవును.

మావాడి వాక్యం పూర్తికాగానే పెద్దమ్మ అంది: “ఏటి గుంపు బాబూ? ఎలుగ్గొడ్డుకి మొగుడెక్కడుంటాడు? తల్లీ, ఈపు మీద రెండు గుంటలూ. అంతే దాని సంసారం.”

శతపథానికి ఇంతకంటే మంచి వ్యాఖ్య లేదు. జంతుశాస్త్రానికీ లేదు. మగ ఎలుగు తన దారిన తాను తిరుగుతుంది. తల్లి పిల్లల్ని కొన్ని నెలలు వీపున వేసుకుని మోస్తుంది, రెండేళ్ల దాకా వెంట తిప్పుకుంటుంది. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు పండితుడు పొడుగు గోళ్లూ, పైవరసలో లేని ముందుపళ్లూ చూసి మా ఎలుగును దక్షిణ అమెరికాలో కొమ్మలకు తలకిందులుగా వేలాడే స్లాత్‌కు చుట్టాన్ని చేశాడు. పొరపాటు తెలిసింది, స్లాత్ అన్న పేరు మాత్రం ఇంగ్లీషులో వదల్లేదు. భల్లూకపు పట్టు.

మావాడు పెద్దమ్మ మాట వినలేదు. “అది వేరు అత్తయ్యా, అక్కడ పరిశోధకులు ఉన్నారు” అన్నాడు.

ఇక్కడ నేను టీక కట్టిపెట్టి మాట్లాడతాను. 2022 జూన్‌లో మా మండలంలోనే కిడిసింగి దగ్గర ఎలుగు ఒక మనిషిని చంపింది, ఇంకొందరిని చీరేసింది. పట్టి విశాఖ తీసుకెళ్తుంటే అదీ చచ్చిపోయింది. నాలుగు రోజులు కెమెరాలు తిరిగాయి, దాని మనసులో ఏముందో స్టూడియోలో కూర్చుని చెప్పినవాళ్లున్నారు. చీకటితో జీడితోటకు పోయేవాళ్లు ఏ దారిన పోవాలో, పిక్క ఎవరు ఏరాలో ఒక్కరూ అడగలేదు. మా ఉద్దానం ప్రాంతంలో ఇన్నేళ్లుగా కిడ్నీలు పోతున్నాయి, ఎందుకు పోతున్నాయో ఇదమిత్థమని తేల్చినవాళ్లు లేరు. లేని జంతువు ఇంట్లో ఎవరు ముందు నడుస్తారో మాత్రం తేలిపోయింది. తెలుగులో ‘ఎలుగు’ అంటే గొంతు కూడా. ఆ అర్థానికి నిపుణులు దొరకరు.

ఇక తాత్పర్యం. మర్నాడు తెల్లవారకముందే పెద్దమ్మ టార్చీ, వాయించడానికి ఓ రేకుడబ్బా తీసుకుని పిక్కలు ఏరడానికి బయలుదేరింది. అమెరికా నిద్ర పట్టని మావాడు “నేనూ వస్తాను అత్తయ్యా” అంటూ లేచాడు. గుమ్మం దాటాక చీకట్లో జీడిచెట్ల వైపు చూసి ఆగాడు.

పెద్దమ్మ డబ్బా వాడి చేతిలో పెట్టింది.

“రా బాబూ. పెద్ద మగోడివి కదా, నువ్వు ముందు నడు.”