మనిషి ఎన్నారై, నంబరు లోకల్

ఒక మనిషి ఈ దేశంలో రెసిడెంటా, ఎన్నారైయా అని తేల్చడానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర లెక్కలున్నాయి. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నాడా లేదా అన్నది అందులో మొదటిది. ఆయన ప్రీపెయిడ్ నంబరుకు ఈ వెసులుబాటు లేదు. అది 365 రోజులూ రెసిడెంటే. యజమాని డాలస్‌లో ఇల్లు కొనుక్కుని, పచ్చిక కోసుకుంటూ, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. నంబరు మాత్రం గుంటూరులో నాన్నగారి పాత బటన్ల ఫోనులో, టీవీ పక్కన చార్జరుకు తగిలించుకుని, యజమాని పేరు నిలబెడుతూ ఉంటుంది.

ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్లు ఎవరూ లేరు. స్నేహితులంతా వాట్సాప్‌లోనే. అప్పుడప్పుడూ పర్సనల్ లోన్ ఇస్తామని ఒక అమ్మాయి చేస్తుంది, అమ్మ ఎత్తి ఆ పిల్ల క్షేమ సమాచారాలు కనుక్కుంటుంది. అయినా దాన్ని చావనివ్వడానికి వీల్లేదు. బ్యాంకు ఖాతా దాని మీదే ఉంది. ఆధార్, పాన్, పన్ను రిటర్ను, పీఎఫ్, డిజీలాకర్ అన్నీ దాని మీదే ఉన్నాయి. సొంత ఇల్లు, సొంత పొలం, సొంత పేరు ఉన్న మనిషి తరఫున సాక్ష్యం చెప్పేది సొంతం కాని పది అంకెలు. నంబర్లు ప్రభుత్వానివి, వాటిని పంచేది కంపెనీలు, అద్దె కట్టేది మనం. గడువు దాటితే ఇల్లు ఖాళీ చేయించినట్టు నంబరూ ఖాళీ చేయిస్తారు.

ఇక ఓటీపీ అనే మహాయజ్ఞం. వేసవిలో డాలస్‌లో సాయంత్రం నాలుగయితే ఇక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. మ్యూచువల్ ఫండు అమ్మాలని అబ్బాయికి బుద్ధి పుట్టేది సరిగ్గా అప్పుడే. అమ్మ లేచి, కళ్లజోడు వెతికి, లైటు వేసి, సందేశం మొదటి నుంచీ చదవడం మొదలుపెడుతుంది.

"డియర్ కస్టమర్ అని ఉంది నాన్నా..."

"అది కాదమ్మా, అంకెలు! అంకెలు చెప్పు!"

"అంకెలు కింద ఉన్నాయి. అయినా దీన్ని ఎవరికీ చెప్పొద్దని రాశాడు కదరా, నీకు చెప్పొచ్చా?"

నిజానికి ఆ ఇంట్లో బ్యాంకు నియమాలు పాటిస్తున్నది ఆవిడ ఒక్కతే. ఈ ధర్మసందేహం తీరేలోపు ఓటీపీ గడువు తీరిపోతుంది. మళ్లీ పంపించమంటే ఈసారి రెండు ఒకేసారి వస్తాయి. ఆవిడ మొదటిది చదువుతుంది.

నంబరుకు ఊపిరి పోయడం మాత్రం చవకనుకుంటున్నారా? 2005 చివర్లో వెయ్యి రూపాయలకు ఒక్క రూపాయి తక్కువగా పుచ్చుకుని 'లైఫ్‌టైమ్' ప్రీపెయిడ్ అమ్మారు. 2018 చివరికల్లా నెలనెలా కనీస రీచార్జి లేకపోతే ఇన్‌కమింగ్ కూడా బంద్ అన్నారు. కస్టమరు బతికే ఉన్నాడు, పోయింది ప్లానే కాబట్టి ఎవరూ ఏడవలేదు. తర్వాత కంపెనీలు సొంత పంచాంగం రాసుకున్నాయి. అందులో నెలకు 28 రోజులు, ఏడాదికి పదమూడు రీచార్జులు. మన పంచాంగంలో అధిక మాసం ఏ రెండున్నర మూడేళ్లకో వస్తుంది, వీళ్లకు ఏటా వస్తుంది. 30 రోజుల ప్లాను కూడా ఒకటైనా పెట్టండయ్యా అని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. నెలకు ముప్ఫై రోజులుంటాయన్న సంగతికి గెజిట్ ముద్ర అలా పడింది.

పైగా ఈ నంబరుకు రోజూ డేటా వడ్డిస్తారు. బటన్ల ఫోనులో సిమ్ము, దానికి రోజుకు ఒకటిన్నర జీబీ! తినేవాడు లేని విస్తట్లో ఇన్నాళ్లూ పప్పన్నం పోశారు. 2024 డిసెంబరులో ట్రాయ్ కలగజేసుకుని, డేటా అక్కర్లేని వాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లతో విడిగా వోచర్లు పెట్టమంది, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చంది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 1849 రూపాయలకు ఏడాది ప్లాను తెచ్చింది. ఎవరూ మాట్లాడని నంబరుకు ఏడాది పొడవునా అపరిమిత మాటలు!

డాలస్ వాడికి ఇది రెండు పూటల హోటల్ భోజనం ఖర్చు. జగిత్యాల నుంచి మస్కట్ వెళ్లి ఇటుకలు మోసే మనిషికి అలా కాదు. రెండేళ్లకోసారి సెలవు దొరికే ఆయనకు ఆ నంబరే బ్యాంకు, ఆ నంబరే ఆధార్. అరబ్బు ఎండలో సంపాదించిన దాంట్లోంచి ఇంట్లో మోగని ఫోనుకు కట్టాలి. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఎన్నారైలకు ఒక తలుపు తెరిచింది. అమెరికా, ఒమన్, ఖతార్, యూఏఈ సహా పది దేశాల నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చంది. కానీ దానికి ఎన్నారైల కోసమే ఉండే ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా ఉండాలి. మస్కట్ మనిషికి ఉన్నది ఊళ్లో తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా.

కట్టకపోతే ఏమవుతుందంటారా? 2013లో వచ్చిన ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు వాడకపోతే నంబరు తీసేయొచ్చు. బ్యాలెన్సులో ఇరవై రూపాయలుంటే అవి కోసుకుని మరో 30 రోజులు నిలబెట్టాలి. అయిపోయాక కూడా పదిహేను రోజులు గ్రేస్ ఉంది. ఆ తర్వాత నంబరుకు పునర్జన్మ. కనీసం 90 రోజులు ఆగాకే ఇంకొకరికి ఇస్తారని 2023లో సుప్రీంకోర్టులో ట్రాయ్ చెప్పింది. అంటే నల్గొండలో కొత్త సిమ్ము కొన్న ఇంటర్ కుర్రాడికి ఓ రోజు ఫోనొస్తుంది: "ఏరా, ఇద్దరు పిల్లల తండ్రివయ్యావు, పెద్దమ్మ గుర్తుందా?" దానితోపాటు మీ ఫిక్సెడ్ డిపాజిట్ కబుర్లూ వాడికే. ఇక నంబరు బతికున్నా సుఖం లేదు. మెసేజింగ్ యాప్‌లు ఫోనులోని సిమ్ముతో ముడిపడి ఉండాలని 2025 నవంబరులో టెలికాం శాఖ ఆదేశించింది. సిమ్ము గుంటూరులో, వాట్సాప్ డాలస్‌లో. ఇక ఆ ఒక్క సిమ్ము కోసం తండ్రీకొడుకులు వాటాలు పంచుకోవాలి.

ఇంతకీ ఈ దేశానికి కావలసింది మనిషా, నంబరా? విదేశాల్లో ఉన్న భారతీయుడు ఓటెయ్యాలంటే స్వయంగా పోలింగ్ బూత్‌కు రావాలి, అక్కడ నంబరు చాలదు. సొంత డబ్బు తీసుకోవాలంటే నంబరు ఉండాలి, అక్కడ మనిషి చాలడు.

నిరాశ పడకండి. చెల్లింపులకు ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే దారి కాదని, వేరే పద్ధతులూ వాడుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించింది. 2026 ఏప్రిల్ 1 వాటి అమలు తేదీ. మంచి రోజే చూసి పెట్టారు. ఆ కొత్త పద్ధతిలోకి మారడం కూడా చాలా తేలిక. యాప్ తెరిచి, సమ్మతి తెలిపి, మీ రిజిస్టర్డ్ మొబైల్‌కు వచ్చిన ఓటీపీ నమోదు చేస్తే చాలు.