ముహూర్తం అంకుల్

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నాలుగిళ్ళు కట్టుకున్న ప్రతి కాలనీలోనూ ఒక ముహూర్తం అంకుల్ ఉంటారు. ఆయన ముహూర్తాలు పెట్టేది పెళ్ళిళ్ళకు కాదు, గోంగూరకు. ఫ్రిస్కోలో ఒకాయన, ఇర్వింగ్‌లో ఒకాయన, ప్లేనోలో ఇద్దరు. ఆ ఇద్దరికీ మాటల్లేవు, సొరపాదు దగ్గర చెడింది. మా వెనక వీధి అంకుల్‌ది గుంటూరు దగ్గర పల్లె. 1998లో వైటూకే పుణ్యమా అని విమానం ఎక్కారు. జీతం డేటాబేసులది, ధ్యాస పెరటిది.

ఇల్లు కొన్నప్పుడే ఆయన సంగతి తేలిపోయిందంటారు ఆంటీ. ఏజెంటు గ్రానైటు వంటగట్టు చూపిస్తుంటే ఈయన పెరట్లోకి వెళ్ళి, కారు తాళంతో నేల గీకి, మట్టి పెళ్ళ చేతిలోకి తీసుకుని వాసన చూశారట. నల్లరేగడి. తడిస్తే కాలికి అంటుకుని చెప్పు ఊడదీస్తుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రె విడుస్తుంది. అచ్చం మనూరిదే. "బాత్రూములెన్నో తర్వాత లెక్కపెట్టుకోవచ్చు, సంతకం పెట్టు" అన్నారట. ఆ రేగడి నెర్రెలు ఇంటి పునాదిని కూడా వదలవని తర్వాత తెలిసిందిగానీ, దానికాయన మట్టిని ఒక్క మాట అనలేదు.

ఫిబ్రవరి ఆఖరుకు ఆయన జేబులోకి ఒక థర్మామీటరు చేరుతుంది. మాంసం ఉడికిందో లేదో చూసే సూది రకం. వాకింగ్‌లో ఎవరి పూలమడి కనిపించినా వంగి గుచ్చుతారు. "యాభై ఎనిమిది. ఇంకా లేవలేదు పాపం" అని లేస్తారు, పసిబిడ్డ ఒళ్ళు తాకి చూసిన అమ్మమ్మలాగా. డెబ్బై ఫారన్‌హీట్ తగిలేదాకా గోంగూర గింజ బయటికి తియ్యరు. "చికెన్ కోసం కొన్నానండీ అది. ఇప్పుడు వంటింటి గడప తొక్కనివ్వను" అంటారు ఆంటీ.

డాలస్‌లో ఆఖరి మంచు సగటున మార్చి మధ్యలో పడుతుంది. ఆ వారాంతం కుర్రకారంతా దుకాణాలకెళ్ళి టమాటా నారు బండెడు తెచ్చుకుంటారు. అంకుల్ నవ్వుతారు. "సగటంటే ఏమిటోయ్? సగం ఏళ్ళు ఆ తేదీ దాటాక కూడా పడుతుందనేగా!" లెక్కకు లెక్కే, కాదనలేం. అందుకని ఆయన ఒక్క అధికారినే నమ్ముకోరు. వాతావరణ శాఖను అడుగుతారు. మెస్కీట్ చెట్టు చిగిరిస్తే ఇక మంచు లేదని ఇక్కడి ముసలి రైతులనే మాట వింటారు. గుడ్ ఫ్రైడే నాడు విత్తనం పెట్టే అమెరికా దక్షిణాది ఆచారాన్ని గౌరవిస్తారు, ఆనాడు వర్జ్యం లేకపోతే. అన్నీ కలిసొచ్చాక కూడా ఇంకో మూడు రోజులు ఆగుతారు. టమాటా విషయంలో ఈ ఆగడం పనికిరాదు. రాత్రి వేడి డెబ్బై అయిదు దాటిందంటే పూత నిలవదు, జూన్ చివరికల్లా ఆట ముగుస్తుంది. ఈయన ముహూర్తబలం వల్ల ఆంటీ టమాటాలు కొనని ఏడాది లేదు.

ఒక్కసారి మాత్రం గోంగూరను కార్తెల ప్రకారం వేశారు. అక్కడ మృగశిరకు వాన దిగుతుంది, ఏరువాక సాగుతుంది. ఇక్కడ ఎక్కువ వాన పడేది మే నెలలో, మృగశిర వచ్చేసరికి ఆకాశం దుకాణం కట్టేస్తుంది. పైగా ఆ ఏడాది 2011. జూలై 2 నుంచి ఆగస్టు 10 దాకా వరసగా నలభై రోజులు పగటి వేడి నూరు డిగ్రీలు దిగలేదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారుగానీ, ఆ రోహిణి ఇక్కడ శ్రావణం వచ్చినా కదల్లేదు. ఆ వేసవి నీళ్ళబిల్లు ఆంటీ దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. మాట మీద మాట వచ్చినప్పుడు తీస్తారు.

ఇక ఆకు గొడవ. ముదిరిన గోంగూర ఆకు అయిదు వేళ్ళుగా చీలి, అంచున రంపప్పళ్ళతో, దూరం నుంచి చూసేవాళ్ళకు మరో మొక్కలా ఉంటుంది. టెక్సాస్‌లో ఆ మరో మొక్క పెంచితే కటకటాలే. 2014లో జార్జియాలో హెలికాప్టరు పోలీసులు ఒక పెద్దాయన బెండమొక్కల్ని చూసి గంజాయి అనుకుని ఇంటి మీదికి వచ్చిపడ్డారు. బెండ గోంగూరకు దాయాదే. ఆ వార్త చదివిన మర్నాడు అంకుల్ ముందుజాగ్రత్తగా మడికి అట్టముక్క కట్టారు. మామూలు పేరు ఎవరికీ తెలియదని శాస్త్రీయ నామం రాశారు, పెద్ద అక్షరాల్లో: హైబిస్కస్ కన్నాబినస్. పక్కింటావిడ ఆ రెండో మాట దగ్గర ఆగి రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రం ఆంటీ పప్పు గిన్నెతో వెళ్ళి వ్యవహారం చక్కబెట్టారు. ఆవిడకిప్పుడు వారం వారం గోంగూరపప్పు పడాలి.

పోలికలు ఆకుతో ఆగవు. గోంగూరా, గంజాయీ రెండూ రాత్రి పొడుగు లెక్కపెట్టే మొక్కలే. రాత్రి చాలినంత సాగేదాకా గోంగూర పూయదు. జూన్‌లో గుంటూరు పగలు పదమూడు గంటలు, డాలస్ పగలు పద్నాలుగు దాటుతుంది. అందుకని ఇక్కడది ఆకు మీద ఆకు వేస్తూ మనిషెత్తు లేస్తుందేగాని సెప్టెంబరు వెళ్తేగాని మొగ్గ పట్టదు. కాయ ముదరాలంటే ఆపైన నెల పైమాట, నవంబరులో మంచు తయారు. విత్తనం కట్టుకోవడం ఆయనకు ఏటా ఒక పరుగు పందెం. పక్కింటి గోడ మీద దీపం రాత్రంతా వెలుగుతుంటే అటువైపు మొక్కలు పూయనే లేదు. దాంతో రోజూ సాయంత్రం ఆరింటికి వాటికి నల్లదుప్పటి కప్పడం మొదలుపెట్టారు. కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది.

ఓసారి విత్తనాల దుకాణంలో హెంప్ రైతు ఒకాయన తగిలాడు. 2019లో చట్టం మారాక ఇక్కడ లైసెన్సుంటే ఆ పంట వెయ్యొచ్చు, గంజాయి జాతిలోనే మత్తు 0.3 శాతం మించని రకం. ఉత్తరాది విత్తనం తెచ్చి వేస్తే, ఇక్కడి రాత్రులు పొడుగని మోకాలెత్తులోనే పూతకొచ్చిందని ఆయన గోడు. అంకుల్ కళ్ళు మెరిశాయి. ఇద్దరూ ఎరువు బస్తాల మీద కూలబడి గంటన్నర మాట్లాడుకున్నారు. "చూశావుటోయ్" అన్నారు నాతో తిరిగొస్తూ. "పైనుంచి దిగితే తొందరపడి పూస్తుంది. కిందనుంచి ఎక్కితే పూయడానికి మీనమేషాలు లెక్కపెడుతుంది. నన్ను చూడు, ఇరవై ఏళ్ళు దాటింది!"

మొన్న శీతాకాలం నాకు మందుబిళ్ళల సీసాలో గోంగూర గింజలిచ్చారు, సరిగ్గా పది. "మార్చిలో వెయ్యకు. ఏప్రిల్ మొదట్లో అందరూ వేస్తారు, నువ్వు వెయ్యకు. నేను ఫోన్ చేస్తా." ఏప్రిల్ పన్నెండున పొద్దున్నే ఫోన్ మోగింది. పార చేతబట్టుకునే ఎత్తాను.

"ఇవాళ వద్దు" అని పెట్టేశారు.