నడుముకు సరిపడే ప్రాణభయం

ఆత్మరక్షణ కోసం చొక్కా కింద దాచుకుని తిరిగే చిన్న తుపాకీని ఎంచుకునే విద్య హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్, శంషాబాద్ ప్రాంతాల్లో భూమి ధరతో పాటే పెరిగింది. ఎకరం లక్షల్లో ఉన్న రోజుల్లో ఇక్కడి ఆసామికి చేతికర్ర చాలింది. కోట్లలోకి వచ్చాక గన్‌మన్ కావాల్సి వచ్చాడు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఫ్యూచర్ సిటీ దాకా వెంచర్ల జెండాలు లేచాక ప్రతి యజమానికీ సొంతంగా 'ఒకటి' ఉండాలన్నది కొత్త ఆచారం. ఏ కంపెనీది కొనాలి, బరువెంత ఉండాలి, బెల్టుకు లోపల పెట్టాలా బయట పెట్టాలా అన్న చర్చను దావత్‌లలో మటన్ కంటే ముందే వడ్డిస్తున్నారు. ఇంత ఆదరణ ఉన్న విద్యకు ఒక పాఠ్యపుస్తకం లేకపోవడం లోటే.

ఎంపికలో మొదటి మెట్టు ఆయుధం కాదు, ప్రాణభయం. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు అడిగేవాడు తనకు తుపాకీ ఎందుకు అవసరమో చెప్పుకోవాలి. పోలీసులు విచారించాలి. ఆయుధాన్ని జాగ్రత్తగా వాడే శిక్షణ పొందినట్టు 2016 నియమాల ప్రకారం పత్రం చూపించాలి. కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్ మంజూరు చేయాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు గడువు ఐదేళ్లు. ఊరికే సరదాపడేవాడికి ఇవన్నీ అడ్డంకులే కనుక, ముందుగా ఒక శత్రువును సంపాదించుకోవడం ఆనవాయితీ. హద్దురాయి తగాదా, బయానా ఇచ్చి వెనక్కి తగ్గిన పార్టీ, ఫోన్‌లో "నీ సంగతి చూస్తా" అన్న పాత పార్ట్‌నర్, ఏదైనా పనికొస్తుంది. నూరు గజాల ప్లాటు కబ్జా అయి, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, కబ్జాదారు ఇంటి ముందు నుంచి నడవడానికే జంకే చిరుద్యోగి మాత్రం ఈ వరుసలో కనబడడు. అతనికి ఉన్నది మామూలు భయం. లైసెన్సుకు హోదా ఉన్న భయం కావాలి.

తర్వాతిది బోర్, అంటే గొట్టం రంధ్రం కొలత. 9 ఎంఎం పౌరులకు నిషేధిత బోర్, దాని జోలికి పోకూడదు. మామూలుగా చేతికి దక్కేది పాయింట్ 32. మన దేశంలో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్లలో వాడే తూటా నమూనా 1896 నాటిది. దీన్ని ఇప్పటి అమెరికా తుపాకీ ప్రియులు బొమ్మ కింద జమకడతారు. అక్కడ డాలస్‌లో ఉన్న బావమరిది ఫోన్‌లో 9 ఎంఎం గొప్పతనం చెబుతుంటే ఇక్కడ బడంగ్‌పేటలో ఉన్న బావ తన పాయింట్ 32ను నిమురుకుంటూ ఊకొడతాడు. బావమరిది రాష్ట్రంలో 2021 సెప్టెంబర్ నుంచి పర్మిట్ కూడా అక్కర్లేకుండా చేతి తుపాకీ పెట్టుకు తిరగొచ్చు. బావకు ఆ సంగతి తలుచుకుంటేనే కళ్లు చెమరుస్తాయి.

తయారీదారుల విషయంలో చెప్పుకోదగ్గ ఊరు కాన్పూర్. 2014 జనవరిలో అక్కడి ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అనే రివాల్వర్‌ను మహిళల కోసమని విడుదల చేసింది. టైటానియం మిశ్రలోహం, అరకిలో బరువు, ధర దాదాపు 1.22 లక్షలు. ఢిల్లీలో బస్సెక్కి అత్యాచారానికి బలైన అమ్మాయికి దేశం పెట్టిన 'నిర్భయ' పేరునే కొంచెం మార్చి, బస్సెక్కే అమ్మాయిలెవరూ కొనలేని ధరకు అమ్మకానికి పెట్టారు. అదే ఏడాది బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో 9.5 లక్షలు పలికింది. 2024లో 30 లక్షలు దాటింది. లడ్డూ పాడుకున్నవాడు దాన్ని నలుగురికీ పంచి, మిగిలింది పొలంలో చల్లుకుంటాడు. నిర్భీక్, లడ్డూ రెండింట్లో ఏది ఆత్మరక్షణకు ఎక్కువ పనికొచ్చిందో లెక్క తీస్తే లడ్డూయే గెలుస్తుంది.

2023 ఆగస్టులో కాన్పూర్ నుంచే 'ప్రబల్' వచ్చింది. 700 గ్రాములు, 50 మీటర్ల దూరం కొడుతుందని ప్రచారం. ఈ 50 మీటర్లు దావత్‌లలో మంత్రంలా వినిపిస్తోంది. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34వ సెక్షన్ నుంచి 44 దాకా ఉంది. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదనీ, అవసరానికి మించి హాని చేయకూడదనీ అందులోనే రాసి ఉంది. 50 మీటర్ల అవతల ఉన్నవాడి నుంచి రక్షణకు చట్టం ఆశించేది గురి కాదు, పరుగు. పైగా క్షిపణులకు పురుడుపోసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్, టైటానియం కరిగించే మిధాని కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో 50 మీటర్ల రేంజి గురించి గొప్పలు పోవడానికి కొంత ధైర్యం కావాలి.

ఇక దాపరికం. ఈ విద్యకు ప్రాణం ఇదే. చిన్న తుపాకీని చిన్నగా చేసేది కనబడకుండా ఉండటానికే. గొట్టం పొడవు తగ్గితే గురి తప్పే అవకాశం పెరుగుతుంది. బరువు తగ్గితే పేల్చినప్పుడు చెయ్యి ఎగురుతుంది. పట్టే తూటాలూ తగ్గుతాయి. ఇన్ని నష్టాలకు ఓర్చుకునేది ఒకే ఒక లాభం కోసం: అది ఉన్నట్టు ఎదుటివాడికి తెలియకూడదు. బాలాపూర్ సంప్రదాయం నష్టాలన్నిటినీ ఉంచుకుని ఆ ఒక్క లాభాన్ని వదిలేసింది. ఇక్కడ తుపాకీ ఉన్నట్టు నలుగురికీ తెలియకపోతే కొన్న డబ్బు దండగ.

కాబట్టి దాచడం ఇక్కడ దశలవారీగా సాగుతుంది. ఫంక్షన్ హాల్ ముందు తెల్ల ఫార్చూనర్ ఆగుతుంది. దిగిన మనిషి రెండు చేతులతో చొక్కా సర్దుకుంటాడు. సర్దేటప్పుడు కుడివైపు అంచు జానెడు పైకి లేస్తుంది. లేచిన అంచు వెంటనే దిగదు. పార్కింగ్ కుర్రాడు, పన్నీరు చల్లే అమ్మాయిలు, పెళ్లికొడుకు మేనమామ చూసేదాకా ఓపిగ్గా ఆగుతుంది. లోపల అలాయ్ బలాయ్ ఇచ్చుకునేటప్పుడు అవతలివాడి పొట్టకు గట్టిగా ఏదో తగలాలి. తగిలినవాడు "ఏందన్నా ఇది?" అనాలి, అది మర్యాద. "ఏం లేదు తమ్మీ, ఊకనే ఉంటది" అని జవాబు. ఈ రెండు ముక్కల సంభాషణ కోసం లక్షకు పైగా ఖర్చు, నెలల తరబడి స్టేషన్ చుట్టూ ప్రదక్షిణలు.

భోజనాల దగ్గర రెండో దశ. కూర్చుంటే పిడి గుచ్చుకుంటుంది (ఇది మాత్రం నిజం, బొజ్జకూ బెల్టుకూ మధ్య చోటును ఏ ఫ్యాక్టరీ లెక్కలోకి తీసుకోలేదు). అందుకని తీసి టేబుల్ మీద పెడతారు. రెండు ఫోన్లు, కారు తాళం, రుమాలు, వాటి మధ్య నల్లటి పిడి. మేజోళ్లలో, సీటు కింద, చంకలో దాచుకునే నానా రకాల హోల్‌స్టర్లు కనిపెట్టిన దేశాలవాళ్లకు బిర్యానీ ప్లేటు పక్కన దాచే ఈ పద్ధతి తట్టలేదు.

ఎండాకాలం సంగతి వేరే. చిన్న తుపాకీ దాపరికం మీద వచ్చిన సలహాలు చాలావరకు కోటు వేసుకునే చలిదేశాల కోసం పుట్టినవి. మే నెలలో మీర్‌పేట చెరువు కట్ట మీద పలుచటి కాటన్ చొక్కా కింద అరకిలో ఇనుము దాగదు. చెమటకు తోలు హోల్‌స్టర్ నానుతుంది, లోపలి లోహానికి తుప్పు పడుతుంది, బరువుకు ప్యాంటు ఒక పక్కకు జారుతుంది. జారిన ప్యాంటును అయిదు నిమిషాలకోసారి పైకి లాక్కునే మనిషి శత్రువుల కంటపడకుండా ఉంటాడని నమ్మడం కష్టం. పంచె కట్టేవారికి పరిష్కారం ఇంతవరకూ దొరకలేదు.

వెంచర్ ఆఫీసులో మూడో దశ. అగ్రిమెంట్ కాగితాలు ఫ్యాన్ గాలికి ఎగరకుండా వాటి మీద పెడతారు. కొనడానికి వచ్చిన రిటైర్డ్ టీచర్ లింక్ డాక్యుమెంట్లు అడుగుదామనుకుని, ఆ బరువు వైపు చూసి, గొంతు సవరించుకుని ఊరుకుంటాడు. భార్య అతని మోచేయి పట్టుకుని లేపుతుంది.

దీని పేరు ఆత్మరక్షణ కాదు. బెదిరింపు. 2016 నియమాలు బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో అలాంటి తొడుగులోనో ఉండాలనీ, పూర్తిగా కప్పి ఉండాలనీ, తీసి ఝళిపించకూడదనీ చెబుతున్నాయి. దాచుకోవడం లైసెన్సుదారు ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది కాదు, లైసెన్సుకు ఉన్న షరతు. సంబరాల్లో కాల్పులకు 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది. అయినా బరాత్‌లలో మోత ఆగలేదు. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్ ఫ్రీడమ్ ర్యాలీలో రాష్ట్ర మంత్రి ఒకరు పోలీసు తుపాకీ అందుకుని గాల్లోకి పేల్చి, అది రబ్బరు తూటా అన్నారు.

టేబుల్ మీదికి వచ్చిన తుపాకీ ఏదో ఒకరోజు చేతిలోకి వస్తుంది. 2020 డిసెంబర్ 18న ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవలో మునిసిపాలిటీ మాజీ వైస్ చైర్మన్ ఒకరు తన లైసెన్సు రివాల్వర్‌తో కాల్చాడు. ముగ్గురు గాయపడ్డారు, వాళ్లలో ఒకరు ఆసుపత్రిలో చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆ రివాల్వర్ దొంగతనంగా వచ్చింది కాదు. దరఖాస్తు, విచారణ, సంతకం, ముద్ర, అన్నీ సక్రమంగా ఉన్నాయి. ప్రాణభయం ఉందని ప్రభుత్వం ఒప్పుకుని ఇచ్చిన ఆయుధం మరో మనిషి ప్రాణం తీసింది.

ఆడవాళ్ల పేరు చెప్పి తుపాకీని సమర్థించేవాళ్లది ఇంకా సిగ్గుమాలిన వాదన. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. బిడ్డ కనబడటం లేదని ఆ కుటుంబం పరుగెత్తుకెళితే వినిపించింది ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్న. జాప్యం చేశారని ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ తర్వాత సస్పెండ్ చేశారు. ఆ రాత్రి లోపించింది పాయింట్ 32 కాదు. టోల్ గేటు పక్కన వెలుతురు, ఫోన్ ఎత్తగానే కదిలే ఒక జీపు, హద్దులు కొలవకుండా ఫిర్యాదు రాసుకునే ఒక చెయ్యి. డిసెంబర్‌లో మెట్రో రైలు ఆడవాళ్లను పెప్పర్ స్ప్రే తెచ్చుకోనిచ్చింది. అదే నెల 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. వాళ్లు పోలీసుల పిస్తోళ్లు లాక్కున్నారన్న కథను సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నమ్మలేదు, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. కాల్చిన రోజు మాత్రం జనం పోలీసుల మీద పూలు చల్లారు. తుపాకీ మీద ఈ ప్రాంతానికి ఉన్న భక్తికి అంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ భక్తి వల్ల తొండుపల్లి దారిలో రాత్రిపూట స్కూటర్ నడిపే ఏ అమ్మాయికీ ఒరిగిందేమీ లేదు.

తుపాకీ తీయడానికి పట్టే సమయం ఈ విద్యలో చివరిగా చూసే అంశం, చాలామంది చూడని అంశం. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో రాసిన లెక్క ప్రకారం కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాటి మీద పడతాడు. 21 అడుగులంటే 7 గజాలు. గజాల్లో బతికే ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. అంత వ్యవధిలో చొక్కా ఎత్తి, బటన్ విప్పి, తీసి, గురిపెట్టాలంటే రోజూ సాధన ఉండాలి. లైసెన్సు మీద తూటాలకు పరిమితి ఉంటుంది, సాధనకు షూటింగ్ రేంజికి పోవాలి. వెంచర్ యజమాని చొక్కా ఎత్తడం ఒక్కటే సాధన చేశాడు.

తుపాకులు చుట్టూ ఉన్నవాళ్ల సంగతీ తెలిసిందే. 2011 జనవరి 3న హైదరాబాద్‌లో ఫ్యాక్షన్ నాయకుడు మద్దెలచెరువు సూరిని కారు వెనక సీట్లో కూర్చున్న సొంత అనుచరుడు భానుకిరణ్ కాల్చి చంపాడు. అదే ఏడాది ఏప్రిల్ 30న బాలాపూర్‌కు ఆనుకుని ఉన్న బార్కస్‌లో ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ మీద దాడి జరిగినప్పుడు వెంట గన్‌మన్ ఉన్నాడు. అతను కాల్చడంతో దాడికి వచ్చినవాళ్లలో ఒకరు చనిపోయారు. అప్పటికే ఎమ్మెల్యేకు కత్తిపోట్లూ తూటా గాయాలూ అయ్యాయి. ఇంట్లో ఉంచే తుపాకీ మీద సియాటిల్ నగరమున్న కింగ్ కౌంటీలో తీసిన లెక్క 1986లో వచ్చింది: ఆత్మరక్షణలో జరిగిన ఒక్క చావుకు ఆత్మహత్యలు, హత్యలు, ప్రమాదాలు కలిపి 43.

ఎన్నికల కోడ్ వస్తే ఆయుధాలను స్టేషన్‌లో అప్పజెప్పాలి. ఊళ్లో పగలు ముదిరే ఆ కొద్ది వారాలూ ఆత్మరక్షణకు సెలవు. విమానం ఎక్కేవాళ్లు తుపాకీని ఖాళీ చేసి, లైసెన్సు చూపించి, చెకిన్ సామానులో వేయాలి. బ్యాగు అడుగున మరిచిపోయిన తూటా స్కానర్‌లో మెరిసి, శంషాబాద్ విమానాశ్రయం నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు ప్రయాణం కట్టినవాళ్లు ఉన్నారు.

ఐదేళ్లకోసారి రెన్యువల్. ప్రాణభయం ఇంకా అలాగే ఉందని అప్పుడు మళ్లీ రాసివ్వాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ కొని 25 ఏళ్లు గడిచినా, చనిపోయినా వారసుడి పేర లైసెన్సు కోరవచ్చు. వారసుడికి 21 ఏళ్లు ఉండాలి, శిక్షణ పత్రం ఉండాలి, విచారణ జరగాలి. శత్రువును మాత్రం భూమి పాసుపుస్తకంతో పాటు తండ్రే రాసిచ్చి పోతాడు.