గరాజులో గజ ఈతగాడు

హ్యూస్టన్ శివార్లలో మా అక్కావాళ్ళింటికి రెండు కార్లు పట్టే గరాజు ఉంది. అందులో ఇప్పుడు ఒక్క కారు కూడా పట్టదు. కార్లు రెండూ ఎండకు ఎండి వానకు తడుస్తుంటే, నీళ్ళలో తడవడానికి తయారైన సామానంతా లోపల నీడపట్టున పొడిగా ఉంటుంది.

మా బావకి 22 అడుగుల తెరచాప పడవ ఉంది. సెకండ్ హ్యాండుది. కీమా రేవులో కట్టేసి ఉంటుంది. ఆ పడవ ఖరీదు కన్నా, అందులోంచి ప్రాణాలతో బయటపడడానికి ఆయన కొన్న సామాను ఖరీదు ఎక్కువ. కోరికేమో చిన్నదే. గాల్వెస్టన్ దగ్గర రాతికట్టలు దాటి ఒంటరిగా గల్ఫ్‌లోకి వెళ్ళాలి, ఒక రాత్రి నీళ్ళ మీద ఉండాలి, తెల్లారి తిరిగి రావాలి. ఎప్పుడు బావా అంటే "వచ్చే నెల" అంటాడు. ఈ వచ్చే నెలకి ఆరేళ్ళు నిండాయి.

ఇలాంటి మనిషి ప్రతి రేవులోనూ ఒకడుంటాడు. పడవలో కన్నా పడవ సామాన్ల కొట్లో ఎక్కువ కనిపిస్తాడు. మెడలో ఈల, నడుముకి కత్తి, చేతిలో రసీదు. మీరు ఏది కొన్నా "అయ్యో, దానికి ముందు నన్నొక మాట అడగాల్సింది" అంటాడు. అడిగితే మాత్రం ఇవాళ్టికి మీ పని అయినట్టే.

మా బావ పుట్టింది అంతర్వేది పక్క ఊళ్ళో. చిన్నప్పుడు సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుని కాలవలో ఈత నేర్చినవాడు. భీష్మ ఏకాదశి తీర్థానికి సఖినేటిపల్లి రేవులో పంటు మీద మనుషులూ మోటారు సైకిళ్ళూ ఒకరినొకరు ఒరుసుకుంటూ గోదావరి దాటుతుంటే, ఆ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడించినవాడు. ఈ సంగతి ఎత్తితే ఆయనకి నచ్చదు. "అది నదిరా, ఇది ఆఫ్‌షోర్" అంటాడు. ఆ 'ఆఫ్‌షోర్' అన్న మాటని వేదమంత్రంలా స్వరం పెట్టి పలుకుతాడు.

ఇంత సామాను ఎందుకని ఎవరైనా అడిగితే మన నావికుడు అభిలాష్ టామీని రంగంలోకి దింపుతాడు. 2018 సెప్టెంబరు, ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెం, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను. 'తురియా' పడవ బోర్లాపడి స్తంభాలు విరిగాయి, టామీకి వెన్ను దెబ్బతిని లేవలేని స్థితి, పెర్త్ రేవు దాదాపు 1,900 నాటికల్ మైళ్ళ దూరం. ఉపగ్రహాల ద్వారా కబురు అందబట్టి విమానాలు వెతికి పట్టుకున్నాయి, ఫ్రెంచివాళ్ళ గస్తీ ఓడ 'ఒసిరిస్' వచ్చి ఎక్కించుకుంది. ఇక్కడ బావ ఆగి, మన కళ్ళలోకి చూసి, "సామాను!" అంటాడు. అదే టామీ 2022లో మళ్ళీ ఆ పందానికే వెళ్ళి మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రెండోవాడిగా వచ్చాడు. నాకు ఈ కథలో కనిపించేది ఒకటే, ఆ మహానుభావుడు రెండుసార్లు బయల్దేరాడు. పైకి అనలేదు. అక్క మొగుడు కదా.

లైఫ్ జాకెట్ ఎంచుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. వాటంతటవే ఉబ్బే జాకెట్లలో రెండు జాతులట. ఒకదాంట్లో చిన్న బిళ్ళ ఉంటుంది, అది నీళ్ళకి కరిగితే గ్యాసు సిలిండరు తెరుచుకుంటుంది. రెండోది నాలుగంగుళాల లోతు నీటి ఒత్తిడి తగిలితేనే తెరుచుకుంటుంది. బావ మొదట బిళ్ళది కొన్నాడు. హ్యూస్టన్ ఆగస్టు ఉక్కలో గరాజు గోడకి తగిలించాడు. ఆ బిళ్ళకి వాన అన్నా, పొగమంచన్నా, ఉక్కన్నా తేడా తెలియదు. ఒక అర్ధరాత్రి ఢామ్మని మోగి, ఆ తర్వాత బుస్సుమంది. మా అక్క దొంగో పామో తేల్చుకోలేక అట్లకాడ పట్టుకుని వెళ్ళింది. గోడ మీద పసుప్పచ్చగా గుండె నిండా గాలి పీల్చుకుని వేలాడుతోంది జాకెట్టు. తర్వాత ఒత్తిడిది వచ్చింది. దాని 33 గ్రాముల సిలిండరు లీకవుతోందేమోనని బావ నెలకోసారి వంటింటి త్రాసులో తూస్తాడు. బొబ్బట్ల పూర్ణం తూచే రోజున త్రాసు కోసం ఇంట్లో గొడవే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన చెప్పేదానికి ఎదురు లేదు. ఒంటరిగా వెళ్ళేవాడికి నీళ్ళలో పడ్డాక ఏం చెయ్యాలన్నది రెండో ప్రశ్న. అసలు పడకూడదు. పడ్డావని ఆటోపైలట్‌కి తెలియదు, అది పడవని బుద్ధిగా ముందుకే నడిపించుకుపోతుంది. వెనక్కి తిప్పి తాడు విసిరేవాడెవడూ ఉండడు. అందుకే పడవ పొడుగునా ఒక పట్టీ కట్టి, ఒంటి మీది తాడుని దానికి తగిలించుకునే కదలాలి. గుండ్రటి తాడైతే కాలి కింద దొర్లుతుంది కాబట్టి చదును పట్టీ. ఒంటి తాడు రెండు మీటర్లదా, మీటరుదా? రెండూ కావాలి, అంచు దగ్గర పొట్టిదైతే మనిషి నీళ్ళదాకా జారడు. ఇదంతా నిజం. కానీ అభ్యాసం కోసం పూజగది తలుపు నుంచి ఫ్రిజ్ దాకా పట్టీ లాగి, సత్యనారాయణ వ్రతానికి వచ్చిన వాళ్ళ మధ్యలోంచి కొక్కెం తగిలించుకుని నాలుగు కాళ్ళ మీద పాకడం అవసరమా? ప్రసాదం కూడా తాడుకి కట్టుకునే తీసుకున్నాడు.

ఇక ఎక్స్‌పైరీ తేదీలు. పాపం సొరకాయ బుర్రకి తేదీ ఉండేది కాదు. వీటన్నిటికీ ఉంది. ఆపదలో వెలిగించే ఫ్లేర్లు తయారైన నాటి నుంచి 42 నెలలు. పడవ మునిగితే తెప్పని వదిలిపెట్టే హైడ్రోస్టాటిక్ మీటకి రెండేళ్ళు. తెప్పకి సర్వీసు. బీకనుకి బ్యాటరీ ఒక తేదీ, ప్రభుత్వ రిజిస్ట్రేషను రెండేళ్ళకి ఇంకో తేదీ. బావ దీనికి ఎక్సెల్ షీటు రాశాడు. పంచాంగం చూసే సిద్ధాంతి కూడా అంత దీక్షగా చూడడు. గాలి బాగుంటే ఫ్లేర్లకి మూఢం. ఫ్లేర్లు కొత్తవి వచ్చేసరికి తెప్ప సర్వీసులో ఉంటుంది. తెప్ప వచ్చేసరికి తుఫానుల కాలం. అన్నీ కుదిరిన శుభ ఘడియ ఆరేళ్ళలో రాలేదు. ఇంతా చేసి ఇప్పటిదాకా ఆయన తిరిగిందంతా గాల్వెస్టన్ బేలోనే. ఓడలు తిరిగే కాలవ వదిలేస్తే దాని సగటు లోతు ఏడెనిమిది అడుగులు. పడవ మునిగినా దాని స్తంభం ఎక్కి కూర్చుంటే పంచె తడవదు.

బీకన్ సంగతి చెప్పాలి. ఈపర్బ్ అంటారు. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకి కేకవేసి, కనీసం 48 గంటలు అలా అరుస్తూనే ఉంటుంది. బ్రాకెట్‌లో ఉన్నంతసేపు తడిసినా పలకదు. బ్రాకెట్‌లోంచి బయటికొచ్చి తడిసిందా, పడవ మునిగినట్టే లెక్క. సంక్రాంతికి ముందు మా అక్క గరాజు కడగాలని సామానంతా వాకిట్లో పేర్చింది. ఆ పచ్చటి డబ్బాకి దుమ్ము పట్టిందని, బ్రాకెట్‌లోంచి ఊడదీసి మరీ గొట్టంతో శుభ్రంగా కడిగింది.

రిజిస్ట్రేషన్‌లో అత్యవసర ఫోన్ నెంబరు నాది. డాలస్‌లో ఇడ్లీ తింటున్నాను. కోస్ట్ గార్డ్ నుంచి ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా, మీ బావగారు ప్రస్తుతం సముద్రంలో ఉన్నారా అని అడిగాడు. నా గుండె ఆగింది. వెళ్ళిపోయాడన్నమాట! ఎవరికీ చెప్పకుండా! ఆరేళ్ళు వెక్కిరించాను కదా అని కళ్ళు చెమర్చాయి కూడా. అంతలో ఆయన గొంతు సవరించుకుని, సంకేతం మాత్రం సముద్రానికి అరవై మైళ్ళ ఇవతల ఒక కాలనీలోంచి వస్తోందన్నాడు.

అక్కకి ఫోన్ చేశాను.

"బావ ఎక్కడే?"

"ఇంకెక్కడ, సామాన్ల కొట్లో. ఏరా, ఈ పచ్చడబ్బా లైటు మిణుకు మిణుకుమంటోంది. కడిగితే బాగయిందనుకుంటా."

ఆ వార్త విని బావకి కోపం రాలేదు. పొంగిపోయాడు. "చూశావట్రా, పనిచేస్తోంది!"

చివరికి ఈ మార్చిలో అన్ని తేదీలూ కలిశాయి. తెల్లవారుజామున కీమా వెళ్ళాం. నా చేతికో కాగితం ఇచ్చాడు. పడవ రంగు, మనుషులు ఒకరు, వెళ్ళే దారి, తిరిగొచ్చే వేళ, ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అన్నింట్లోకీ చవకైనదీ, పనికొచ్చేదీ అదేనేమో. బయల్దేరిన సమయం 7:10 అని రాయించాడు. భుజానికో సంచి, చేతిలో ఇంకో సంచి, రేవు గట్టు మీంచి పడవలోకి కాలు చాపాడు. పడవ పక్కకి జరిగింది.

జాకెట్టు అద్భుతంగా తెరుచుకుంది. బావ వెల్లకిలా, పటంలో శేషతల్పం మీది విష్ణుమూర్తిలా తేలాడు. తేలుతూనే ఉన్నాడు. పడవ వెనక నిచ్చెన ఉంది కానీ టకటకమని చప్పుడు చేస్తోందని పైకి మడిచి గట్టిగా ముడేసి పెట్టాడు. ఆ ముడి నీళ్ళలోంచి అందదు. నడుముకి కత్తి ఉంది. మెడచుట్టూ ఉబ్బిన జాకెట్టు వల్ల నడుము ఎక్కడుందో ఆయనకి కనిపించదు. నేను పైనుంచి చెయ్యందించాను. తడిసిన బావ బరువు నాకు అప్పుడే తెలిసింది.

పక్కన కట్టిన రొయ్యల పడవలోంచి ఒక వియత్నాం తాత హవాయి చెప్పులతో దిగొచ్చాడు. జాకెట్టు లేదు, ఈల లేదు. గోడలకి సున్నం వేసే నిచ్చెన ఒకటి తెచ్చి నీళ్ళలోకి దింపి, ఒక్క మాటైనా మాట్లాడకుండా దాన్ని తొక్కిపట్టుకుని నిలబడ్డాడు.

నీళ్ళు కారుతూ పైకొచ్చిన బావ అడిగిన మొదటి మాట, "ఎన్ని సెకన్లు పట్టిందో చూశావా?" సిలిండరు ఖర్చయిపోయింది, ఇక ఇవాళ వెళ్ళడానికి లేదు. అదనపు సిలిండర్లు మూడున్నాయి. మూడూ ఆ పాత బిళ్ళ జాకెట్టువి.

కాగితం మీద తిరిగొచ్చిన సమయం 7:16 అని రాశాను.

కారులో తువ్వాలు చుట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. పాపం భయపడ్డాడేమో అనుకున్నాను. ఊరి దగ్గరికి వచ్చాక నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"నిచ్చెనల్లో రెండు రకాలుంటాయిరా."