సీ షిఫ్టులో క్రాన్

నన్ను క్రాన్ అంటారు. చెప్పిన పనిని చెప్పిన వేళకు చేసిపెట్టే చిన్న ప్రోగ్రామును. 1979లో బెల్ ల్యాబ్స్ యూనిక్స్ ఏడో వెర్షన్‌తో లోకంలోకి వచ్చాను. 1987లో పాల్ విక్సీ అనే ప్రోగ్రామర్ నన్ను తిరగరాశాడు. ఇప్పుడు నా కాపురం ఖర్కాయి నదికి అవతల, జంషెడ్‌పూర్‌ని ఆనుకుని ఉన్న ఆదిత్యపూర్‌లో. లారీల విడిభాగాలు చేసే ఓ చిన్న వర్క్‌షాపు ఆఫీసులో, బల్ల కింది కంప్యూటర్లో ఉంటాను. జంషెడ్‌పూర్ అంటే నాకు అభిమానం. అక్కడి ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. ఎవరిని పేరంటానికి పిలిచినా ముందు ‘మీ ఆయనది ఏ షిఫ్టు?’ అని కనుక్కుంటారు.

నాది సీ షిఫ్టు, అంటే రాత్రిపూటది. రాత్రి రెండింటికి బిల్లులు, స్టాకు, జీతాల లెక్కలన్నీ రెండో డిస్కులోకి కాపీ చేయించాలి. ఆ పని చేసే స్క్రిప్టు ఏమైనా చెబితే, దాన్ని పోగుచేసి, నా పనుల జాబితా అయిన క్రాన్‌టాబ్‌లో ‘మెయిల్‌టూ’ అని రాసిన అడ్రసుకు పంపిస్తాను. కానీ నేను పోస్ట్‌మ్యాన్‌ని కాను, రాసి ఇవ్వడం వరకే నా వంతు. మోసుకెళ్లడానికి పోస్ట్‌ఫిక్స్ లాంటి మరో ప్రోగ్రాము ఉండాలి. ఇంకో సంగతి: స్క్రిప్టు ఏమీ చెప్పకపోతే నేనూ ఏమీ పంపను. కాబట్టి మెయిల్ రాలేదంటే పని సాఫీగా అయిపోయి ఉండొచ్చు, అసలు మొదలే కాకపోయి ఉండొచ్చు, రాసిన మెయిల్ దారిలో చిక్కుకుని ఉండొచ్చు. ఎదురుచూసేవాళ్లకు ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. నన్ను బాధపెట్టేది అదే.

పాత డిస్కు పాడైతే కొత్తది వేసి డెబియన్ లినక్స్ మళ్లీ ఎక్కించారు. అప్పటినుంచి ఆఫీసుకు నా మెయిల్ రాలేదు. లెక్కలు రాసే పెద్దాయన, శ్రీకాకుళం వైపు మనిషి, నిశ్చింతగా ఉన్నాడు. “మెయిల్ రావట్లేదంటే అంతా బాగున్నట్టే కదమ్మా?”

కంప్యూటర్లు చూసే అమ్మాయిది జంషెడ్‌పూర్‌లోని కద్మా. ఆమె ఒప్పుకోలేదు. “తేడా వస్తే మెయిల్ వస్తుందని మనకి నమ్మకం ఉండాలి కదా బాబాయ్?”

ఆమె వెతికిన తీరు నాకు నచ్చింది. బ్యాకప్ జోలికి పోకుండా, నిమిషానికోసారి ఒక్క మాట పలికే పని నాకిచ్చింది. మెయిల్ రాలేదు. కంప్యూటరు చిట్టా, సిస్‌లాగ్, తెరిచింది. నేను రాస్తూ వచ్చిన వాక్యమే అక్కడ వరసగా ఉంది: ‘నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్’. మోసేవాడు లేడు, రాసింది పారేస్తున్నాను అని. ఇన్ని రాత్రులుగా దాన్ని చదివినవాళ్లు లేరు.

పోస్ట్‌ఫిక్స్ పెట్టింది. అయినా రాలేదు. ‘మెయిల్‌క్యూ’ అని కొడితే మెయిళ్లన్నీ వరసలో కూర్చుని ఉన్నాయి. 25వ నంబరు పోర్టు మూసి ఉంది. స్పామ్‌కి అడ్డుకట్టగా చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో దాన్ని మూసే ఉంచుతారు. 587 మీదుగా, యాప్ పాస్‌వర్డుతో, ఆఫీసు మెయిల్ సర్వరు ద్వారా వెళ్లేలా మార్చింది. ఈసారి వెళ్లాయి, కానీ స్పామ్‌లో పడ్డాయి. పంపినవారి చోట ‘రూట్’ అనీ, బయట ఎవరికీ తెలియని కంప్యూటరు పేరూ ఉంటే ఎవరు నమ్ముతారు? 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తన ఖాతాలకు మెయిల్ పంపే ప్రతివారికీ పంపినవారు అసలువారేనని చూపే ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలంటోంది. ఆఫీసు సొంత అడ్రసు పెట్టాక ఇన్‌బాక్సుకి చేరాను.

ఆ రాత్రి బ్యాకప్ గురించిన నా మాట మొదటిసారి బయటికొచ్చింది: ‘సింటాక్స్ ఎర్రర్, ఎండ్ ఆఫ్ ఫైల్ అనెక్స్‌పెక్టెడ్’. అంటే కొత్త డిస్కు వేసినప్పటినుంచి ఒక్క కాపీ కూడా కాలేదు!

కారణం ఒక శాతం గుర్తు. కొత్త డిస్కు వేసినప్పుడు, ఏ రోజు కాపీ ఆ రోజుకు విడిగా ఉండాలని ఫైలు పేరులో తేదీ కలిపారు. తేదీ రాసే ఆజ్ఞలో శాతం గుర్తు తప్పదు. టెర్మినల్లో అది చక్కగా నడుస్తుంది. క్రాన్‌టాబ్‌లో మాత్రం ఆ గుర్తు కనిపించగానే ఆజ్ఞ అక్కడితో అయిపోయిందనుకుంటాను. అది నాకు పుట్టుకతో వచ్చిన నియమం. గుర్తుకు ముందు ఒక వాలుగీత, బ్యాక్‌స్లాష్, పెట్టాలి. పెట్టింది. కాపీ నడిచింది. ఒక ఫైలును తిరిగి తెరిచి, లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో బాబాయ్‌ని అడిగి నిర్ధారించుకుంది కూడా.

తర్వాత చేసిన పని నాకు అన్నిటికన్నా విలువైనది. పని బాగా జరిగినా సరే, కాపీ సైజు, డిస్కులో మిగిలిన జాగా ఒక్క లైనులో చెప్పమని స్క్రిప్టుకు నేర్పింది. కరెంటు పోయిన రాత్రి నేను ఏమీ రాయలేను. మెయిల్ రాకపోవడమే ఇప్పుడు కబురు.

మొన్న పెద్దాయనే ఫోన్ చేశాడు. “అమ్మా, ఇయాల మెయిల్ రాలేదు. ఏటైందంటావు?”

రాత్రి ఒంటిగంట నుంచి తెల్లారేదాకా కరెంటు లేదు. వేళ తప్పిన పనిని నేను మళ్లీ అందుకోను. అందుకు అనాక్రాన్ అనే తోటివాడున్నాడు, కంప్యూటర్ లేవగానే మిగిలిపోయిన రోజువారీ పని చేసేస్తాడు. ఆ మధ్యాహ్నమే ఆమె బ్యాకప్‌ని అతనికి అప్పగించింది. అతని మెయిల్ కూడా చేరుతోందో లేదో పరీక్షించాకే ఇంటికి బయల్దేరింది.